చీటీలక్క నడుము

ఆసుపత్రి హాల్లో మొదటి కిటికీ వెనక కూర్చునే ఆమెను అందరూ చీటీలక్క అంటారు. డాక్టర్లూ అదే అంటారు, గదులు ఊడ్చేవాళ్ళూ అదే అంటారు. లోపలికి ఎవరొచ్చినా ముందు ఆమెకు పేరు, వయసు, బాధ చెప్పి చీటీ రాయించుకోవాలి. ఏ గదికి వెళ్ళాలో చీటీ మీద ఆమే రాస్తుంది. జ్వరమైతే మూడు, పన్నయితే తొమ్మిది, నడుము నొప్పయితే పద్నాలుగు. పందొమ్మిదేళ్ళలో ఎన్ని వేల నడుముల్ని పద్నాలుగో గదికి పంపిందో ఆమెకే గుర్తులేదు. సొంత నడుమును మాత్రం ఒక్కసారి కూడా పంపలేదు.

ఆ కిటికీ ఎలాంటిదో కాస్త చెప్పుకోవాలి. కింద రాతిపలక, దాని మీద నిలువుగా గాజు, గాజుకీ పలకకీ మధ్య చీటీ దూరేంత సందు. మాట్లాడుకోవడానికి గాజులో చిన్న పళ్ళెమంత గుండ్రటి కన్నం ఉంది. ఆ కన్నం పలకకు సరిగ్గా జానెడు ఎత్తున ఉంది. మనిషి నోరు ఎక్కడుంటుందో ఎన్నడూ చూడని వాళ్ళు బిగించినట్టు ఉంటుంది. అందుకని చీటీలక్క బల్ల అంచు పొట్టకు ఒత్తుకునేలా ముందుకు వంగి, ఎడమ మోచెయ్యి పలక మీద ఆనించి, మెడ పక్కకు తిప్పి చెవి కన్నానికి పెడుతుంది. రోగి చెప్పింది విన్నాక అదే భంగిమలో మొహం తిప్పి నోరు కన్నానికి పెడుతుంది. అవతల రోగీ వంగుతాడు. రెండు మొహాలూ బెత్తెడు దూరంలో, గుట్టు మాట్లాడుకునే వియ్యపురాళ్ళలా ఉంటాయి. రోజుకు తక్కువలో తక్కువ మూడొందల చీటీలు. ఇక ఎన్నిసార్లు వంగుతుందో మీరే ఊహించుకోండి.

ఆ వంగడమే ఆమెకు మంచి పేరు తెచ్చింది. చీటీలక్క ఎంత ఓపికగా మాట్లాడుతుందో, విసుక్కోవడం ఎరగదు, వంగి మరీ వింటుంది అని జనం చెప్పుకునేవారు. ఆమెకూ ఆ మాట వింటే సంతోషంగానే ఉండేది. నడుముకు మాత్రం సంతోషం లేదు.

పన్నెండేళ్ళ కిందట మొదలైనప్పుడు సాయంత్రం ఇంటికెళ్ళే వేళకి పట్టేసేది. తర్వాత పొద్దున మంచం దిగేటప్పుడు కూడా గోడ పట్టుకోవాల్సి వచ్చేది. ఏడాదిగా కుడి కాలు పిక్క దాకా తిమ్మిరెక్కుతోంది, చెప్పు జారిపోయినా తెలియడం లేదు. ఇంటికెళ్తే అక్కడ మరో తమాషా. వంటగట్టు అత్తగారి ఎత్తుకు కట్టించింది. అత్తగారు నిలబడితే కోడలి భుజం దాకా రాదు. ఆవిడ పెత్తనం మానేసి పదేళ్ళయింది గానీ గట్టు మాత్రం ఆవిడ ఎత్తునే ఉండిపోయింది. అలా పగలంతా రోగుల కోసం వంగి, సాయంత్రం పొయ్యి కోసం వంగి, చీటీలక్క మంచం ఎక్కే వేళకి తల ప్రాణం తోకకొచ్చేది. భర్త పుస్తకాల బైండింగు పనివాడు, మంచివాడు. రోజూ నడుముకు మందు రాసేవాడు. ప్రెస్సు మూతపడ్డాక అతనికి వారంలో రెండు రోజులు పనుంటే గొప్ప. ఇంటికి నెలనెలా తప్పకుండా వచ్చేది ఆమె జీతం ఒక్కటే.

మరి పద్నాలుగో గది ఇరవై అడుగుల దూరంలోనే ఉండగా వెళ్ళొచ్చు కదా అంటారేమో. వెళ్ళడానికి లేదు. ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం. ఏటా తిరగరాస్తారు, తిరగరాసేముందు ఒక ఫారం నింపమంటారు. అందులో ఏడో గడి: చూపు, వినికిడి, కీళ్ళు, నడుములో ఇబ్బంది ఏమైనా ఉందా? ఆరేళ్ళ కిందట మందులిచ్చే కిటికీలో ఒకావిడ ఉండేది. ఉత్త అమాయకురాలు. నిలబడి పనిచేయలేకపోతున్నాను, నిజం చెబితే ఒక స్టూలైనా వేస్తారు కదా అనుకుని, ఏడో గడిలో మోకాళ్ళ నొప్పి ఉందని రాసింది. మరుసటి నెల ఆ కిటికీలో వేరే మనిషి నిలబడి ఉంది. ఆనాటి నుంచి కాంట్రాక్టు మీద పనిచేసే వాళ్ళెవరికీ ఏ నొప్పీ లేదు. కాయితం మీద అందరూ ఇనుపముక్కలే. చీటీలక్క పద్నాలుగో గదికి వెళ్తే చీటీ కావాలి, చీటీ రాస్తే రిజిస్టర్లోకి పోతుంది, రిజిస్టరు నెలాఖరున సూపరింటెండెంటు బల్ల మీదికి పోతుంది. అందుకే కిమ్మనకుండా ఏడో గడిలో ఏటేటా "లేదు" అని రాస్తూ వచ్చింది.

ఒక రోజు పెన్ను కింద పడింది. తీసుకుందామని కుర్చీలోంచే పక్కకు వంగింది, అంతే, మళ్ళీ లేవలేకపోయింది. నోట్లోంచి మాట రాలేదు, చెమటలు పట్టాయి. బయట లైను గొణుగుతోంది. అటుగా పోతున్న పద్నాలుగో గది డాక్టరమ్మ గాజులోంచి చూసి తలుపు తీసుకుని లోపలికొచ్చింది. వయసులో చిన్నదే గానీ మాట కరుకు. చంకల కింద చేతులేసి లేపింది, మధ్యాహ్నం అందరూ భోజనాలకి పోయాక తన గదికి రమ్మంది. చీటీ లేకుండా ఎలా వస్తానని చీటీలక్క అడిగింది. చీటీ సంగతి నేనడిగానా అంది డాక్టరమ్మ. అలా ఆ గదిలోకి చీటీ లేకుండా వెళ్ళిన మొదటి మనిషి చీటీలు రాసే మనిషే అయింది.

డాక్టరమ్మ వెన్ను పొడుగునా వేళ్ళతో నొక్కి చూసింది. పడుకోబెట్టి ఒక్కో కాలూ ఎత్తి చూసింది, మడమల మీద నడిపించింది, ఎలా కూర్చుంటావో కూర్చుని చూపించమంది. చీటీలక్క స్టూలు మీద కూర్చుని, లేని కన్నానికి చెవి పెట్టి చూపించింది.

డాక్టరమ్మ ఆమె వీపు మీద చెయ్యి వేసి నిటారుగా కూర్చోబెట్టింది. తర్వాత మెల్లగా చెప్పింది: "నీ నడుముకి పెద్ద జబ్బేమీ లేదక్కా, నువ్వు దాన్ని వాడే తీరుకే జబ్బు. ఇంకా చెయ్యి దాటలేదు. కానీ ఇంకో ఏడాది ఇలాగే వంగావంటే ఆ కాలు నీ మాట వినదు."

ఆ మాట చీటీలక్క గుండెల్లో రాయిలా పడింది. కాలు మాట వినకపోతే ఉద్యోగం ఎలాగూ పోతుంది, ఉద్యోగంతో పాటు కాలూ పోతుంది.

ఆ రోజు నుంచి భోజనాల వేళ పాఠాలు మొదలయ్యాయి. కుర్చీలో సగం మీద కాదు, వెనక్కి జరిగి వీపు ఆనేలా కూర్చోవాలి. నడుము వంపులో తువ్వాలు చుట్టి పెట్టుకోవాలి. పాదాలు రెండూ నేలకు ఆనాలి. కుర్చీ ఎత్తుగా ఉందంటే, పాత రిజిస్టర్లు నాలుగు కట్టగా కట్టి కాళ్ళ కింద వేయించింది. పని దగ్గరికి మనిషి పోకూడదు, మనిషి దగ్గరికి పని రావాలని డాక్టరమ్మ పదేపదే అనేది. చీటీల పుస్తకం బల్ల మీద పడుకోబెట్టకుండా ఏటవాలు చెక్క మీద నిలబెట్టాలి. స్టాంపు దూరంగా కుడి మూలలో ఉంటే రోజుకు మూడొందల సార్లు నడుము మెలి తిరుగుతుంది, దాన్ని చేతి పక్కకి తెచ్చుకోవాలి. అరగంటకోసారి లేచి నిలబడాలి, నిమిషం చాలు. ఇంట్లో బకెట్టు ఎత్తేటప్పుడు నడుము కాదు, మోకాళ్ళు వంచాలి, బకెట్టును ఒంటికి దగ్గరగా పట్టుకుని లేవాలి. పడుకునేటప్పుడు పక్కకి తిరిగి మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకోవాలి.

ఆ దిండు చూసి భర్త నవ్వాడు. అత్తగారు నవ్వలేదు. కోడలు బకెట్టు ముందు గుంజీలు తీస్తున్నట్టు కూర్చుని లేవడం చూసి, తమ కాలంలో ఇవేవీ లేకుండానే ఇంటికి నీళ్ళు తెచ్చామని నాలుగిళ్ళకు వినబడేలా అంది. అయినా భర్త ఎక్కడి నుంచో నాలుగు ఇటుకలూ ఒక చెక్కా తెచ్చి పొయ్యి ఎత్తు పెంచాడు. గిన్నెలోకి చూపు అందక అత్తగారు రెండు రోజులు అలిగింది.

మొదటి వారం నొప్పి తగ్గలేదు సరికదా, కొత్తగా వీపు పైభాగం కూడా లాగింది. చీటీలక్క మానేద్దామనుకుంది. మూడో వారంలో ఒక పొద్దున మంచం దిగి వంటగదిలోకి వెళ్ళి పొయ్యి వెలిగించాక గుర్తొచ్చింది, గోడ పట్టుకోలేదని. మళ్ళీ వెళ్ళి మంచం మీద కూర్చుని మళ్ళీ లేచింది. పట్టుకోలేదు. పన్నెండేళ్ళలో అంత సంతోషం ఆమె ఎరగదు. అదే తప్పయింది. ఆ సుఖం తెలియకపోయి ఉంటే తర్వాత జరిగినదానికి అంత బాధపడేది కాదు.

ఎందుకంటే ఆమె నిటారుగా కూర్చుంది గానీ కన్నం జానెడు ఎత్తునే ఉంది. వీపు కుర్చీకి ఆనించి మాట్లాడితే మాట గాజుకు తగిలి ఆగిపోతుంది. గట్టిగా చెప్పాలి. ఇంకా గట్టిగా చెప్పాలి. బయట ఒళ్ళు కాలిపోతూ లైన్లో నిలబడ్డవాళ్ళకి కనిపించేదేమిటంటే, కుర్చీలో వెనక్కి వాలి కూర్చుని, చెక్క మీద పుస్తకం పెట్టుకుని, తమ మీద అరుస్తున్న ఒక ఆడమనిషి. పైగా అరగంటకోసారి లేచి నిలబడి ఒళ్ళు విరుచుకుంటుంది. ఇంకో పదిహేను రోజులు తిరక్కుండానే చీటీలక్కకి కొమ్ములొచ్చాయన్నారు. ఉద్యోగం పాతబడి కళ్ళు నెత్తికెక్కాయన్నారు. ఫిర్యాదుల పెట్టెలో ఎప్పుడూ లేనిది ఆమె మీద కాయితాలు పడ్డాయి. నొప్పమ్మా, నడుము నొప్పి అని ఒక్క మాట చెప్పుకుంటే అందరూ అయ్యో అనేవారే. ఆ ఒక్క మాటే నోరు దాటడానికి వీల్లేదు.

ఫిర్యాదులను ఆమె దిగమింగుకుంది. దిగమింగుకోలేనిది ఒక ముసలావిడ సంగతి. ఆవిడ వెన్ను పూర్తిగా వంగిపోయి ఉంది, తల పలక ఎత్తుకే ఉంది, గొంతులో ఓపిక లేదు. ఏదో చెప్పింది. చీటీలక్క కూర్చున్నచోటి నుంచే రెండుసార్లు గట్టిగా అడిగింది. ఆవిడ తనను కసురుకున్నారనుకుని పక్కకి తప్పుకుంది. వెనకవాళ్ళు ముందుకొచ్చారు. మధ్యాహ్నం భోజనానికి లేచినప్పుడు చూస్తే ఆవిడ హాల్లో బల్ల మీద అలాగే కూర్చుని ఉంది, చీటీ లేకుండా, పొద్దుటి నుంచి. చీటీలక్క స్వయంగా రాసి చెయ్యి పట్టుకుని గదికి తీసుకెళ్ళింది గానీ, ఆ రోజు అన్నం ముద్ద దిగలేదు. వంగి ఉంటే వినబడేది. తన నడుము కోసం ఆవిడను అక్కడ కూర్చోబెట్టింది. తనను తాను ఎంత తిట్టుకున్నా తీరలేదు. మర్నాడు మళ్ళీ వంగడం మొదలుపెట్టింది. నాలుగో రోజుకి కాలు మళ్ళీ తిమ్మిరెక్కింది.

ఇక్కడ ఆమె ఒక్కదానికే తెలిసిన సంగతి ఒకటుంది. ఆ గాజు తలకిందులుగా బిగించారు. కన్నం పైకి రావాల్సింది, కూర్చున్న మనిషి మొహానికి ఎదురుగా. ఆమె ఉద్యోగంలో చేరిన మూడో రోజున మేస్త్రీ వచ్చి బిగిస్తుంటే పక్కనే నిలబడి చూసింది, కన్నం కిందికొస్తోందని అప్పుడే తెలుసుకుంది. చెప్పలేదు. మూడు రోజుల ఉద్యోగానికి వంకలు పెట్టే మనిషిలా కనబడతానేమోనని మొహమాటపడింది. ఆ మొహమాటం పందొమ్మిదేళ్ళు సాగింది.

ఫిర్యాదుల కాయితాలు పట్టుకుని సూపరింటెండెంటు ఆమెను పిలిపించాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఇంతకాలం వంగి మాట్లాడిన మనిషివి, ఇప్పుడేమైందని సౌమ్యంగానే అడిగాడు. నిజం నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోయింది. ఫారాలు నింపే నెల అది. ఆమె ఫారం వారం కిందటే ఆయన బల్ల చేరింది, ఏడో గడిలో "లేదు"తో సహా. అందుకని తెలివి ఉపయోగించింది. కన్నం మరీ కిందికుంది సార్, రోగులు వంగలేకపోతున్నారు, ముసలివాళ్ళు మరీ ఇబ్బంది పడుతున్నారు, కాస్త పైకి పెట్టిస్తే బాగుంటుంది అంది. తన నడుమును తీసి రోగుల ఒంట్లో పెట్టిందన్నమాట. అబద్ధం కూడా కాదు.

సూపరింటెండెంటు పొంగిపోయాడు. రోగుల మీద ఇంత శ్రద్ధ ఉన్న మనిషి మీదా ఫిర్యాదులు అన్నాడు. కొత్త గాజే తెప్పిస్తానన్నాడు, రెండు రోజుల్లో తెప్పించాడు కూడా. రోగులు ఎక్కడ నిలబడతారో అక్కడ అటెండరును నిలబెట్టి, అతని గడ్డం ఎత్తున గీత గీయించాడు. అటెండరు ఆరడుగుల పైచిలుకు మనిషి. లోపల కూర్చునే మనిషి ఎత్తు ఎంతో ఎవరూ కొలవలేదు, చీటీలక్క కొలవమనలేదు. కొలవమంటే నీకేం ఇబ్బందని అడుగుతారు.

కొత్త గాజు వచ్చిన పొద్దున ఆమె కుర్చీలో కూర్చుని తలెత్తి చూస్తే, కన్నం నడినెత్తికి మూరెడు పైన ఉంది. ఇక చేసేదేముంది, లేచి నిలబడింది. మొదటి చీటీ నిలబడి అడిగి, కూర్చుని రాసింది. పదో చీటీకి కూర్చోవడం మానేసింది. ఒక కాలు రిజిస్టర్ల కట్ట మీద పెట్టుకుని, కాసేపటికి కాలు మార్చుకుంటూ, డాక్టరమ్మ చెప్పిన ఉపాయాలన్నీ వాడింది. మధ్యాహ్నం దాటేసరికి ఉపాయాలు అయిపోయాయి. నడుములో కొలిమి పెట్టినట్టుంది. రోజంతా కూర్చోవడం ఎంత చెరుపో రోజంతా నిలబడటమూ అంతే చెరుపని డాక్టరమ్మ ముందే చెప్పింది. మూడు రోజులు అలా గడిచాయి. ఫిర్యాదులు ఆగిపోయాయి. చీటీలక్క మళ్ళీ మంచిదైపోయింది, లేచి నిలబడి మరీ మాట్లాడుతోందన్నారు.

నాలుగో రోజు సూపరింటెండెంటు హాల్లోకి వచ్చాడు. లైనంతా చూస్తుండగా కిటికీ దగ్గరికొచ్చి, రోగులకు ఇలా గౌరవం ఇవ్వాలి, మిగతా కిటికీల వాళ్ళూ చూసి నేర్చుకోవాలని మెచ్చుకున్నాడు. తర్వాత లోపలికి తొంగిచూసి, ఆ కుర్చీ ఊరికే పడి ఉంది కదా, రికార్డుల గదిలో కుర్చీ లేదంటున్నారు, అక్కడ వేయమని అటెండరుకు చెప్పాడు. అటెండరు తలుపు తీసుకుని లోపలికొచ్చి, నడుము దగ్గరి తువ్వాలు చుట్ట తీసి బల్ల మీద పెట్టి, కుర్చీ ఎత్తాడు.

"నాకు నడుము నొప్పి సార్" అంది చీటీలక్క.

కొత్త కన్నం మంచి ఎత్తున ఉంది కాబట్టి ఆ మాట హాలంతా వినబడింది. అటెండరు కుర్చీని గాల్లోనే పట్టుకుని నిలబడిపోయాడు.

"పన్నెండేళ్ళ నుంచి ఉంది. నాకు కుర్చీ కావాలి, కూర్చుంటే మొహానికి ఎదురుగా కన్నం కావాలి. రోగుల కోసం అడగలేదు సార్ ఆవేళ, నా కోసమే అడిగాను."

సూపరింటెండెంటు జనాన్ని చూశాడు, ఆమెను చూశాడు. ఒకసారి గదికి రమ్మని చెప్పి వెళ్ళిపోయాడు. అటెండరు కుర్చీ ఎక్కడ పెట్టాలో తెలియక తలుపు దగ్గర పెట్టాడు.

ఆయన గదిలో బల్లకు ఇవతల రెండు కుర్చీలున్నాయి, బయటి నుంచి వచ్చే పెద్దమనుషుల కోసం. సిబ్బంది వాటిలో కూర్చోరు. కూర్చోకూడదని ఎక్కడా రాసి లేదు, అయినా కూర్చోరు. సంతకం పెట్టాల్సి వస్తే బల్ల అంచు మీదికి వంగి పెట్టి వెళ్తారు. ఆయన బల్ల మీద రెండు కాయితాలు పక్కపక్కన పెట్టాడు. ఒకటి ఆమె ఇదివరకే ఇచ్చిన ఫారం. రెండోది ఖాళీది.

"ఈ రెండిట్లో ఒకటే పైకి పంపుతానమ్మా" అన్నాడు. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "పాతది పంపమంటే హాల్లో నువ్వన్నది నేను వినలేదనుకుంటాను. కానీ కుర్చీ అడగకూడదు. నొప్పి లేని మనిషికి కుర్చీ ఎందుకని పైవాళ్ళు నన్నడుగుతారు. కొత్తది రాశావంటే ఆ తర్వాత నా చేతిలో ఏమీ ఉండదు. మందుల కిటికీ ఆవిడ నీకు గుర్తుందిగా."

గుర్తుంది. ఇంట్లో వారానికి రెండు రోజుల పనున్న భర్త గుర్తున్నాడు, ఎత్తు పెంచిన పొయ్యి మీద అలిగిన అత్తగారు గుర్తుంది. పాతదే పంపమని హాల్లోకి వెళ్తే సాయంత్రం దాకా నిలబడాలి, రేపు నిలబడాలి, కాలు మాట విన్నంతకాలం నిలబడాలి. ఆమెకు ఏడుపొచ్చింది. ఏ కాయితం మీద చెయ్యి పెట్టినా ఒకటి పోతుంది. నిలబడ్డ కుడి కాలు అప్పటికే మొద్దుబారింది. ఆయన పెన్ను తీసి బల్ల అంచున, ఆమె వంగి రాయడానికి వీలుగా పెట్టాడు.

చీటీలక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. వెనక్కి జరిగి వీపు ఆనించింది, పాదాలు రెండూ నేలకు ఆనించింది. ఖాళీ ఫారాన్ని దాని కింది అట్టతో సహా బల్ల మీంచి ఎత్తి, మొహానికి దగ్గరగా పట్టుకుని, పేరు దగ్గర నుంచి రాయడం మొదలుపెట్టింది. ఏడో గడికి వచ్చింది. "ఉంది" అని రాసింది. కనబడదేమోనని ఆ అక్షరాల మీదే మళ్ళీ దిద్దింది.

సూపరింటెండెంటు చెయ్యి చాపి, అయిందా అని అడిగాడు.

"ఇంకా మూడు గళ్ళున్నాయి సార్" అంది, కుర్చీలోంచి లేవకుండా.